దవడ బిగిస్తే కారు పరిగెత్తింది

పోయిన నెల తలనొప్పుల గురించి రాస్తూ మధ్యలో ఎక్కడో "బయోఫీడ్‌బ్యాక్ కూడా చేయించుకోవచ్చు" అని ఒక ముక్క రాసి వదిలేశా (మన ఒంట్లో ఏం జరుగుతోందో మెషిన్‌లో చూసుకుంటూ దాన్ని అదుపు చెయ్యడం నేర్చుకోవడమే బయోఫీడ్‌బ్యాక్). అంతే, వ్యాసం మొత్తం ఎవరూ పట్టించుకోలేదు గానీ ఆ ఒక్క ముక్క మీద మాత్రం ఉత్తరాలే ఉత్తరాలు. ఎక్కువ బెంగళూరు నుంచే, మారతహళ్ళి, కేఆర్ పురం, హెచ్ఎస్ఆర్, ఎలక్ట్రానిక్ సిటీ... మనవాళ్లు లేని లేఅవుట్ ఉందా అసలు ఈ ఊళ్లో. అన్నీ వెయ్యడం కుదరదు కాబట్టి కొన్ని తీసుకున్నా. పేర్లు వద్దన్నారు, వెయ్యట్లేదు. ఇంకో మాట, చాలామంది నన్ను డాక్టర్ గారూ అని రాస్తున్నారు, నేను క్లినికల్ సైకాలజిస్టుని, మందులు రాసేదాన్ని కాదు, మందుల మాట వచ్చినచోట మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది వరంగల్, బెళ్లందూర్‌ల ఉంటున్న, సాఫ్ట్‌వేర్, 34 ఏండ్లు. రెండేండ్ల సంది సాయంత్రం నాలుగైతే చాలు నుదుటి చుట్టూ బెల్టు బిగగట్టినట్టు నొప్పి. స్కాన్ తీసిన్రు, ఏం లేదన్నరు. వారంల నాలుగైదు రోజులు గోలీ ఏస్కుంటున్న. బయోఫీడ్‌బ్యాక్ అంటే తలకి కరెంట్ పెడతరా? నాకు పని చేస్తదా?

జవాబు: ముందు గోలీల లెక్క చూద్దాం తమ్ముడూ. వారానికి నాలుగైదు అంటే నెలకి 18, 20 రోజులు. మామూలు పెయిన్‌కిల్లర్ నెలలో 15 రోజులు, కాంబినేషన్ గోలీలైతే 10 రోజులు, ఆ లెక్కన మూడు నెలలు దాటి వాడితే ఆ గోలీ వల్లే తలనొప్పి రావడం మొదలవ్వచ్చు. నొప్పికి గోలీ, గోలీకి నొప్పి. కాబట్టి ముందు న్యూరాలజిస్ట్ దగ్గరికెళ్లు, స్కాన్ ఫైల్ ముందు పెట్టడం కాదు, ఈ గోలీల లెక్క చెప్పు.

కరెంటు పెట్టరు. బయోఫీడ్‌బ్యాక్‌లో మెషిన్ ఒంట్లోకి ఏమీ పంపదు, వింటుందంతే, డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి విన్నట్టు. తలకి సన్నగా కరెంటో అయస్కాంతమో పెట్టే ట్రీట్‌మెంట్లు వేరే ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు.

నీలాంటివాళ్లు వస్తే ఏం చేస్తామంటే, నుదురు స్పిరిట్ దూదితో తుడిచి కనుబొమ్మల పైన రూపాయి బిళ్లంత స్టిక్కర్లు మూడు అంటిస్తాం. కండరం బిగుసుకున్నప్పుడు అందులో ఇసుమంత కరెంటు పుడుతుంది, వోల్టులో పది లక్షల వంతుల్లో కొలవాల్సినంత, దాన్ని పట్టుకుని మెషిన్ కుయ్‌మంటుంది, ఎంత బిగిస్తే అంత కీచుగా. కనుబొమ్మలు ఎత్తమంటాం, పళ్లు కొరకమంటాం, సౌండ్ లేస్తుంది, అందరూ నవ్వుతారు. తర్వాత "సరే ఇప్పుడు ఫ్రీగా కూర్చోండి" అంటాం, అసలు కథ అక్కడ మొదలవుతుంది. "ఫ్రీగానే ఉన్నా మేడమ్" అంటారు, సౌండేమో దిగదు. ఒకబ్బాయిని "మీ నాలుగింటి కాల్‌లో ఎవరెవరుంటారు?" అనడిగా, వాడింకా నోరు తెరవలేదు, స్క్రీన్ మీద గీత మాత్రం సర్రున పైకి పోయింది. అది చూసి వాడే బిత్తరపోయి "ఇది నాకు తెలీనే తెలీదు" అన్నాడు.

ఆ తెలియకపోవడమే జబ్బులో సగం. తెలిశాక పళ్లు విడిగా పెట్టడం, నాలుక వదులు చెయ్యడం, భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దించడం, ఏది చేస్తే సౌండ్ తగ్గుతోందో మనిషే వెతుక్కుంటాడు, మనం పెద్దగా చెప్పేదేం ఉండదు. కొత్తగా బొట్టు పెట్టుకునే పిల్లకి అద్దం కావాలి, పదేళ్లు పెట్టుకున్నాక కదిలే బస్సులో నిలబడి కూడా సరిగ్గా నడిమధ్యన పెట్టుకుంటుంది చూడు, మెషిన్ ఆ అద్దం లాంటిది. ఎనిమిది, పది సిట్టింగులయ్యాక కూడా అద్దం లేనిదే చేతకావట్లేదంటే అక్కడ నేర్పట్లేదని అర్థం. ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు చెయ్యకపోతే మాత్రం సెంటర్‌లో ఎన్ని చేసినా లాభం లేదు, ఇది ముందే చెప్తున్నా.

నీది టెన్షన్ తలనొప్పి లాగుంది, దానికీ మైగ్రేన్‌కీ బయోఫీడ్‌బ్యాక్ పని చేస్తుందనడానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. మైగ్రేన్‌కైతే నుదురు కాకుండా ఎక్కువగా వేలికి టెంపరేచర్ సెన్సర్ కడతాం. టెన్షన్‌లో చేతుల్లో రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు చల్లబడతాయి, వాటిని వేడెక్కించడం నేర్పుతాం. ఇదెలా బయటపడిందంటే 1960ల్లో అమెరికాలో, కాన్సస్‌లోని మెనింజర్ ఫౌండేషన్‌లో ఎల్మర్ గ్రీన్ అనే ఆయన ఇంకేదో పరిశీలిస్తుంటే ఒకావిడకి చేతులు వేడెక్కేసరికి మైగ్రేన్ వదిలిందట, అక్కడ దొరికింది తీగ.

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు, మారతహళ్ళి దగ్గర ఉంటాము. బాబుకి 9 ఏళ్లు, క్లాసులో కుదురుగా కూర్చోడు, నోట్స్ రాయడు, టీచర్ల దగ్గర్నుంచి రోజూ మెసేజే. ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేని సమస్య) అన్నారు. ఇక్కడ ఒక సెంటర్‌లో బ్రెయిన్ మ్యాప్ తీసి, ఎర్రగా ఉన్నచోటల్లా ప్రాబ్లమ్ అని చూపించారు, 40 సెషన్ల న్యూరోఫీడ్‌బ్యాక్‌తో మందు లేకుండా నయమైపోతుంది అన్నారు. ప్యాకేజీ లక్షా 40 వేలు. 10 వేలు అడ్వాన్స్ కట్టేశాము, మిగతాది ఈఎంఐ పెడదామంటున్నారు మా ఆయన. కట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. మిగతాదంతా చదివినా చదవకపోయినా ఈ ఒక్క మాట మీ ఆయనకి చూపించు.

ఇప్పుడు ఎందుకు వద్దో చెప్తా, కొంచెం పొడుగే అవుతుంది, ఎందుకంటే ఇందులో నా పాపం కూడా ఉంది. నేను కొత్తలో ఒక సెంటర్‌లో పనిచేశా, పేరెందుకులే, ఇలాంటి ప్యాకేజీలే అమ్మేవాళ్లం. న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే మెదడు తరంగాల మీద చేసే బయోఫీడ్‌బ్యాక్. పిల్లాడి నడినెత్తి మీద జిగురు పెట్టి ఒక సెన్సర్, చెవులకి రెండు క్లిప్పులు, ఎదురుగా స్క్రీన్ మీద కారు బొమ్మ. మెదడు తరంగాల్లో నెమ్మదిగా ఉండేవాటిని, అంటే సెకనుకి 4 నుంచి 8 సార్లు ఊగేవాటిని తీటా అంటారు (మా అమ్మకి చెప్తే "తీట పిల్లోళ్లకి తీటా కాక ఇంకేముంటదే" అంది, అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు), 13 పైన వేగంగా ఉండేవి బీటా. తీటా తగ్గి బీటా పెరిగితే కారు పరిగెడుతుంది, లేకపోతే ఆగిపోతుంది. అలా కారుని నడిపించీ నడిపించీ మెదడు ఏకాగ్రత నేర్చుకుంటుందని ఐడియా. వినడానికి ఎంత బాగుందో చూడు.

ఒక పిల్లాడు, ఎనిమిదేళ్లుంటాయి, రెండు వారాల్లో చాంపియన్ అయిపోయాడు. కారు ఆగితే ఒట్టు. నేను ప్రోగ్రెస్ షీట్‌లో "చాలా బాగుంది" అని రాస్తున్నా, వాళ్ల నాన్న ఫోటో తీసుకుంటున్నాడు. మూడో వారంలో నేను పక్క నుంచి వాడి మొహం చూశా. దవడ దగ్గర కండరం ఉబ్బి ఉంది. నోరు తెరువు నాన్నా అన్నా, తెరిచాడు, కారు ఆగిపోయింది. మూసి పళ్లు బిగించాడు, కారు దూసుకుపోయింది. నా వైపు తిరిగి ఒక నవ్వు నవ్వాడు. మెదడు నుంచి నెత్తి మీదకి వచ్చే సిగ్నల్ అంతంత మాత్రం, దాని ముందు దవడ కండరం సిగ్నల్ చాలా పెద్దది, పైగా అది బీటా ఉండే చోటికే వచ్చి కలుస్తుంది. మెషిన్‌కేం తెలుసు, బీటా పెరిగిందనుకుంది. మూడు వారాలుగా వాడు నేర్చుకుంది పళ్లు కొరకడం, నేను రిపోర్ట్ రాసింది ఏకాగ్రత. మంచి మెషిన్లలో కండరం సిగ్నల్‌ని పట్టుకుని ఆపే ఏర్పాటు ఉంటుంది, అయినా పక్కన కూర్చున్న మనిషి స్క్రీన్ మీద అసలు గీతని చూడాలి, బొమ్మని కాదు. ఎంతమంది చూస్తున్నారంటావు?

సరే, అది నా ఒక్కదాని అనుభవం, దాంతో తీర్పు చెప్పకూడదు. పెద్ద పరీక్ష ఏం చెప్పిందో చూడు. అమెరికాలో 7 నుంచి 10 ఏళ్ల మధ్య 144 మంది ఏడీహెచ్‌డీ పిల్లల్ని తీసుకుని, కొందరికి అసలు న్యూరోఫీడ్‌బ్యాక్, మిగతావాళ్లకి ఉత్తుత్తిది ఇచ్చారు. ఉత్తుత్తిది అంటే స్క్రీన్ మీద బొమ్మ కదులుతుంది గానీ అది ఈ పిల్లాడి మెదడుతో కాదు, ముందే రికార్డు చేసిపెట్టిన వేరే ఈఈజీతో, అంటే వేరే మెదడు తరంగాల రికార్డుతో. ఎవరికి ఏదో పిల్లలకీ తెలీదు, అమ్మానాన్నలకీ తెలీదు, టీచర్లకీ తెలీదు. 38 సెషన్లు. 2021లో అచ్చయిన ఫలితం ఏమిటంటే రెండు గుంపుల్లోనూ పిల్లలు బాగుపడ్డారు, ఇంచుమించు సమానంగా! ఏడాది దాటాక మళ్లీ చూసినా అంతే.

అంటే ఏంటి? బాగుపడటం నిజమే, మీ పక్కింటివాళ్లు "మావాడికి పని చేసింది" అంటే అబద్ధం కాదు. కానీ పని చేసింది తరంగాలు కాదు. వారానికి రెండు మూడు సార్లు టైముకి తీసుకెళ్లడం, ఒక పెద్దమనిషి ఫోన్ పక్కన పెట్టి ముప్పావుగంట వాడి ఒక్కడితోనే కూర్చోవడం, కుదురుగా ఉన్నప్పుడల్లా శభాష్ అనడం, ఇంట్లో కూడా కొంచెం తిట్లు తగ్గడం, పైగా వయసు పెరగడం. వీటికి లక్షా 40 వేలు అక్కర్లేదు కదా. తర్వాత 2024 డిసెంబర్లో జామా సైకియాట్రీ అనే జర్నల్‌లో 38 ట్రయల్స్, 2,472 మంది లెక్కలు కలిపి చూశారు, ఎవరికి ఏ ట్రీట్‌మెంటో తెలియనివాళ్లు ఇచ్చిన మార్కుల్లో మొత్తం మీద చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. పద్ధతి ప్రకారం చేసినచోట ఏదో కాస్త తేడా ఉంది, అది ఈఎంఐ కట్టేంత తేడా కాదు.

ఆ ఎర్ర రంగు మ్యాప్ గురించి. ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేల్చేది ఆ బొమ్మ కాదు. ఇంట్లో ఎలా ఉన్నాడు, స్కూల్లో ఎలా ఉన్నాడు, ఎన్నేళ్ల నుంచి, నిద్ర ఎలా ఉంది, చూపు వినికిడి బాగున్నాయా, ఇవన్నీ అడిగి తేల్చాలి. పిల్లాడు ఆ రోజు నిద్రమత్తులో ఉన్నా, కళ్లు టపటపలాడించినా మ్యాప్‌లో రంగు మారుతుంది.

మరి ఏం చెయ్యాలంటావా, హొసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది కదా, అక్కడ పిల్లల సైకియాట్రీ డిపార్ట్‌మెంట్ వేరేగా ఉంది, పొద్దున్నే వెళ్లాలి, క్యూ ఉంటుంది, ఒక రోజు సెలవు పోతుంది, పోనీ. లేదంటే దగ్గర్లో చైల్డ్ సైకియాట్రిస్ట్. అమ్మానాన్నలకి ఇచ్చే ట్రైనింగ్, స్కూల్‌తో మాట్లాడి ముందు బెంచీ, చిన్న చిన్న ముక్కలుగా హోంవర్క్, అవసరమనుకుంటే మందు. మందు పేరెత్తితే భయపడతారు, నాకు తెలుసు, కానీ ఏడీహెచ్‌డీ మందుల మీద దశాబ్దాల పరీక్షలున్నాయి, డాక్టర్ చూసుకుంటూ ఇచ్చే మందు అది. అప్పుడు కూడా డబ్బులు మిగిలి, సరదాకి న్యూరోఫీడ్‌బ్యాక్ చేయిస్తామంటే చేయించండి, హాని పెద్దగా ఏమీ లేదు, కానీ మందుకి బదులుగా కాదు. ఆ 10 వేలు వెనక్కి అడుగు, ఇవ్వకపోతే పోయిందనుకో, 10 వేలు పోయాయని ఇంకో లక్షా 30 వేలు పొయ్యకు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని, విజయవాడ. వైట్‌ఫీల్డ్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. నలభై ఏళ్లుగా సంధ్యావందనం, ప్రాణాయామం చేస్తున్నాను. మీరు చెప్పే ఈ ఫీడ్‌బ్యాకులన్నీ మన యోగులు ఎప్పుడో చెప్పినవే కదా, వాళ్లు గుండెని కూడా ఆపేవారు. ఈ మెషిన్లు ఎందుకు?

జవాబు: మాస్టారూ, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు చేస్తారు మనవాళ్లు, అందులో మీ కోపం న్యాయమే. 2001లో ఇటలీవాళ్లు చేసిన స్టడీ ఒకటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, కేథలిక్కులు జపమాల తిప్పుతూ లాటిన్‌లో చదివే ప్రార్థన, "ఓం మణి పద్మే హుం" మంత్రం, రెండూ మనుషుల చేత చదివించి కొలిస్తే రెండింటికీ ఊపిరి దానంతటదే నిమిషానికి 6 సార్ల దగ్గరికి వచ్చింది. విడ్డూరం ఏంటంటే ఇప్పుడు హార్ట్ రేట్ వేరియబిలిటీ (ఊపిరితో పాటు గుండె వేగంలో వచ్చే హెచ్చుతగ్గులు) బయోఫీడ్‌బ్యాక్ అని మేం నేర్పేది కూడా ఆ 6 దగ్గరే, మనిషిని బట్టి నాలుగున్నర నుంచి ఏడు దాకా.

మీరొక పని చెయ్యండి. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నాడి పట్టుకోండి, ఐదు లెక్కపెట్టేదాకా మెల్లగా గాలి పీల్చి, ఐదు లెక్కపెట్టేదాకా వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వడివడిగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకోవడం తెలుస్తుంది. (వయసు మీద పడేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, తెలియకపోతే కంగారు పడకండి, మనవడి చెయ్యి పట్టుకుని చూడండి.) రక్తపోటుని సర్దే ఏర్పాటు కూడా దాదాపు పది సెకన్లకోసారి ఊగుతుంటుంది, ఊపిరిని ఆ లెక్కకి తెస్తే రెండు ఊపులూ కలుస్తాయి, ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడే తోసినట్టు.

గుండె ఆపడం మాటకి మాత్రం ఒప్పుకోను. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా అనే మన డాక్టర్లే ఆ యోగుల్ని కూర్చోబెట్టి ఈసీజీ తీశారు. ఛాతీ, పొట్ట కండరాలు బిగబట్టేసరికి నాడి చేతికి అందట్లేదు, స్టెతస్కోప్‌లో చప్పుడు వినపడట్లేదు, ఈసీజీలో గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. అదే ఏడాది అదే చోట ఇంకో స్టడీలో ఇద్దరు యోగులు 4 డిగ్రీల చన్నీళ్లలో 45 నిమిషాల పైన చెయ్యి పెట్టుకు కూర్చున్నా మెదడులో ఆల్ఫా తరంగాలు (ప్రశాంతంగా ఉన్నప్పుడు వచ్చేవి) చెదరలేదు, అది నిజంగా గొప్ప. 1970లో స్వామి రామ అనే యోగి ఆ మెనింజర్ ఫౌండేషన్‌కే వెళ్లి ఒకే అరచేతిలో రెండు చోట్ల వేడిలో తేడా తెప్పించి చూపించారు. గొప్పలకి కొదవ లేదు, కొలిచి చూస్తే ఏది గొప్పో ఏది కండరాల గారడీయో తెలుస్తుంది.

ఇక మెషిన్ ఎందుకంటే, చేస్తున్నామనుకునేదీ చేస్తున్నదీ ఒకటేనా అని చూసుకోవడానికి. మా మామగారు మీలాగే ముప్పై ఏళ్ల ప్రాణాయామం. ఒక ఆదివారం సరదాగా పొట్టకి బెల్టు కట్టి చూపించా, పొట్ట కదలట్లేదు, భుజాలు మాత్రం లేస్తూ పడుతూ ఉన్నాయి, వేళ్లు చల్లగా 27 డిగ్రీలు. "నీ మెషిన్ చెడిపోయింది" అని లేచెళ్లిపోయారు. మళ్లీ ఆదివారం టిఫిన్ కాకముందే వచ్చి కూర్చుని "ఏదీ, ఆ బెల్టు కట్టు" అన్నారు. మీకు బీపీ మాత్రలుంటే, ఊపిరి బాగుందని వాటిని ఆపకండి మాస్టారూ.

ప్రశ్న: మేడమ్, అడగడానికి సిగ్గుగా ఉంది. 41 ఏళ్లు, హెచ్ఎస్ఆర్. ఏళ్ల తరబడి మలబద్ధకం, ఎంత ముక్కినా ఫ్రీగా అవ్వదు, అయినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. పొడులు, ఇసబ్‌గోల్, అన్నీ అయ్యాయి. గ్యాస్ట్రో డాక్టర్ ఏదో టెస్ట్ చేసి బయోఫీడ్‌బ్యాక్ చేయించుకోమన్నారు. కడుపుకీ మనసుకీ మెషిన్‌కీ సంబంధం ఏంటి, నాకు మెంటల్ అంటున్నారా?

జవాబు: లేదమ్మా, అస్సలు కాదు. ఈ కాలమ్‌లో ఈ నెల వచ్చినవాటిలో బయోఫీడ్‌బ్యాక్ అందరికంటే ఎక్కువగా పనికొచ్చేది మీకే.

మోషన్ వెళ్లేటప్పుడు పైనుంచి ఒత్తిడి రావాలి, కింద కండరం వదులవ్వాలి. కొందరికి ఆ సమయానికి కింది కండరం వదులయ్యే బదులు బిగుసుకుంటుంది, తలుపు తోస్తూనే లోపల గడియ పెట్టినట్టు. మీకే తెలియకుండా పడ్డ అలవాటు అది. దానికి ఎన్ని పొడులు వేసినా గడియ తియ్యవు కదా. సన్నటి ప్రోబ్ పెట్టి, ముక్కినప్పుడు ఏ కండరం ఏం చేస్తోందో స్క్రీన్ మీద చూపిస్తారు, చిన్న నీళ్ల బెలూన్‌తో ప్రాక్టీస్ చేయిస్తారు, సామాన్యంగా ఐదారు సిట్టింగులు. ఇటలీలో 2006లో వచ్చిన ట్రయల్‌లో ఈ రకం మలబద్ధకం ఉన్నవాళ్లలో ఆరు నెలలకి బయోఫీడ్‌బ్యాక్ చేయించుకున్నవాళ్లు 80 శాతం మంది బాగా మెరుగయ్యారు, విరేచనాల పొడి వాడినవాళ్లలో 22 శాతం. లేడీ థెరపిస్ట్ కావాలని అడగండి, అడగడం మీ హక్కు. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి, మోకాళ్లు నడుము కంటే పైకి రావాలి.

ఇదే రకం ప్రశ్న కాన్పు తర్వాత దగ్గితే, తుమ్మితే యూరిన్ లీకవుతోందని ముగ్గురు రాశారు. మీకూ పనికొస్తుంది, అసలు కెగెల్ ఎక్సర్‌సైజులు కనిపెట్టిన ఆర్నాల్డ్ కెగెల్ అనే గైనకాలజిస్ట్ 1948లోనే ప్రెషర్ మీటర్ పెట్టి చూపిస్తూ నేర్పించాడు, బయోఫీడ్‌బ్యాక్ అనే పేరు ఇంకా పుట్టకముందే.

ప్రశ్న: మా చెల్లికి 22, ఫిట్స్ ఉన్నాయి, టాబ్లెట్స్‌తో కంట్రోల్‌లో ఉంది. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం, టాబ్లెట్స్ మానిపించి న్యూరోఫీడ్‌బ్యాక్ చేయిద్దామంటున్నారు ఇంట్లో. ఎవరో నాసా వాళ్లే కనిపెట్టారన్నారు.

జవాబు: టాబ్లెట్స్ ఆపకండి. ఒక్క పూట కూడా. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి వస్తుంది.

నాసా కథలో కొంత నిజముంది. 1960ల్లో కాలిఫోర్నియాలో బ్యారీ స్టెర్మన్ అనే సైంటిస్ట్ పిల్లులకి మెదడులో ఒక రకం తరంగం, సెకనుకి 12 నుంచి 15 ఊపులు, తెప్పించినప్పుడల్లా పాలు పోసి నేర్పించాడు. తర్వాత నాసా కోసం రాకెట్ ఇంధనం వల్ల ఫిట్స్ ఎలా వస్తాయో పిల్లుల మీద చూస్తుంటే, ముందు పాలు తాగి నేర్చుకున్న పిల్లులు మిగతావాటి కంటే బాగా తట్టుకున్నాయి. అక్కడి నుంచి మనుషుల మీదకి వచ్చింది. మందులకి లొంగని ఫిట్స్ ఉన్నవాళ్ల మీద చిన్న చిన్న స్టడీలు ఉన్నాయి, అవి కూడా మందులకి తోడుగా. మీ చెల్లికి మందు పని చేస్తూనే ఉంది కదా! పెళ్లి సంగతి న్యూరాలజిస్ట్‌తో మాట్లాడండి, పిల్లల్ని ప్లాన్ చేసేముందు కొన్ని మందులు మార్చాల్సి రావచ్చు. అబ్బాయివాళ్లకి దాచడం గురించి నా అభిప్రాయం మీరు అడగలేదు గానీ, దాచకండి.

ప్రశ్న: నుదుటికి పెట్టుకునే ఈఈజీ బ్యాండ్ ఆన్‌లైన్‌లో కొన్నా, నిద్ర కోసం. స్మార్ట్‌వాచ్‌లో స్లీప్ స్కోర్ రోజూ 60 దాటట్లేదు, బ్యాండ్ పెట్టినా అంతే. ఇంకా మంచి మోడల్ ఏదైనా చెప్తారా?

జవాబు: చెప్పను. ధ్యానం చేసేటప్పుడు మనసు ఎటుపోయిందో గుర్తు చెయ్యడానికి ఆ బ్యాండ్ పర్లేదు. నిద్రకి న్యూరోఫీడ్‌బ్యాక్‌ని ఆస్ట్రియాలో ఉత్తుత్తి ఫీడ్‌బ్యాక్‌తో పోల్చి చూశారు, 2017లో వచ్చింది, రెండింటికీ తేడా లేదు. నిద్ర పట్టనివాళ్లకి ముందుగా ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అనే ట్రైనింగ్, మంచం మీద మెలకువగా గడిపే టైము తగ్గించడం, రోజూ ఒకే టైముకి లేవడం. స్కోర్ చూసుకుని పొద్దున్నే దిగులు పడుతున్నారు కదా, రెండు వారాలు వాచీ తీసి బీరువాలో పెట్టండి.

ప్రశ్న: ఆంటీ, నేను డిగ్రీ సెకండియర్, మడివాళలో పీజీలో ఉంటా, మాది మదనపల్లె. రైఫిల్ షూటింగ్ కూడా చేస్తా. ఎగ్జామ్ అన్నా, కాంపిటీషన్ అన్నా చేతులు ఐసు లాగా అయిపోయి చెమటలు. అభినవ్ బింద్రా ఇది చేశాడని విన్నా, నిజమేనా? నా దగ్గర అంత డబ్బు లేదు.

జవాబు: నిజమే. 2008 బీజింగ్ గోల్డ్‌కి ముందు బింద్రా సైకాలజిస్ట్ దగ్గర బయోఫీడ్‌బ్యాక్ ట్రైనింగ్ చేశాడు. దాంతోనే గెలిచాడని కాదు, ఏళ్ల తరబడి చేసిన ప్రాక్టీస్ మీద అదొక చెంచాడు.

నీకు మెషిన్ అక్కర్లేదు, నీ బుగ్గే మెషిన్. వేళ్లు బుగ్గకి ఆనించి చూడు, చల్లగా తగిలితే టెన్షన్‌లో ఉన్నావని. కుర్చీలో వెనక్కి ఆనుకుని, పళ్లు విడిగా, ఊపిరి పీల్చడానికి నాలుగు, వదలడానికి ఆరు లెక్కపెడుతూ, పొయ్యి దగ్గర చలి కాచుకున్నట్టో, ఎండలో గోడకి ఆనుకున్నట్టో చేతుల్లోకి వెచ్చదనం వస్తోందనుకో, బలవంతం చెయ్యకు, బలవంతం చేస్తే ఇంకా చల్లబడతాయి. పది నిమిషాల తర్వాత మళ్లీ బుగ్గకి ఆనించు. మొదటి వారం ఏమీ తెలీదు. రెండో వారంలో వేళ్ల చివర సన్నగా జలదరింపు, బరువు తెలుస్తుంది, అదే గుర్తు. రోజూ రెండుసార్లు ఊరికే ఉన్నప్పుడు చెయ్యి, ఎగ్జామ్ రోజు మొదలుపెడితే రాదు. అప్పటికీ నిద్ర, తిండి పాడయ్యేంత భయంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. కాంపిటీషన్ ఎప్పుడో రాయలేదు నువ్వు. నెల కంటే తక్కువ ఉంటే ఊపిరి ఒక్కటే చెయ్యి, చేతుల సంగతి తర్వాత చూద్దాం.